లిఫ్టు తెర

ఏడో గది కంప్యూటరును గుర్తుపట్టే తాళపుముద్రను అక్షరం అక్షరం పోల్చి చూసుకున్నాకే నూకరత్నం, బయటివాళ్లకు కనబడకుండా రెండు కంప్యూటర్లను కలిపే మరుగుదారి తెరిచింది. సముద్రం అడుగునున్న ఆ గది కంప్యూటరు తెర ఆమె ముందు వెలిగింది. దాన్ని ఒడ్డునున్న ఇంజనీరు తెరకు కలిపితే, అతను ఇక్కణ్ణుంచే తవ్వకం యంత్రాన్ని నడుపుతాడు. యంత్రం మొరాయిస్తే బాగుచేయడానికి కింద గదికొక మనిషి ఉంటాడు. ఈ దారుల తాళాలు తెలిసిన ఉద్యోగి కాబట్టి షిఫ్టు అయ్యేదాకా నూకరత్నం గది తలుపు కూడా తెరుచుకోదు.

ఆ రోజు తెర మీద ఓ మూల అక్షరాలు పడుతున్నాయి.

"ఎవలైనా సూత్తన్నారా?"

రాస్తున్నది జోగారావు. తొంభై రోజులకని దిగాడు. అది నూట నలభై ఒకటో రోజు. లోపలివాళ్లతో మాట్లాడకూడదని నియమం.

"చూస్తన్నాను బాబాయ్. ఏటయింది?" అని టైపు చేసింది.

"సెవిలోంచి రగతం. మూడుసార్లు లిఫ్టు అడిగినాను. బదులు మనిషి లేడంటన్నారు. గోడలు మీదికొచ్చేత్తన్నట్టు ఉంటాది అమ్మా. నిద్దట్లో లేచి తలుపు కొడతన్నాను."

ఆమె షిఫ్టు అధికారి సదాశివానికి ఫోను చేసింది.

"లిఫ్టు మీ పని కాదు రత్నంగారూ. దరఖాస్తు పరిశీలనలో ఉంది. మీరు తెర కలపండి," అని పెట్టేశాడు.

తలుపు కొడుతున్నానన్న మాట దగ్గరే ఆమె చూపు ఆగిపోయింది. కిందటి నెల తనూ అలాగే నిద్రలో లేచి తలుపు కొట్టింది, తన ఇంట్లో, గడియ పెట్టని తలుపును.

లిఫ్టుల కంప్యూటరు పై అంతస్తులో ఉంది. దాన్ని తాకే హక్కు ఆమెకు లేదు. కానీ దానికి మరుగుదారి వేసింది ఆమే. తన పేరు మీదున్న తాళపుముద్ర రద్దయితే ఒడ్డున ఇంకెక్కడా పని దొరకదు. ఏడో గది తెరను ఇంజనీరుకు కాకుండా లిఫ్టుల తెరకు కలిపేసింది.

"బాబాయ్, పచ్చ మీట కనబడతందా?"

"ఉన్నాది. నానే నొక్కాలా?"

"మీరే నొక్కాలి. నా చెయ్యి అక్కడికి అందదు."

తెర మీద బాణం గుర్తు మెల్లగా వెళ్లి మీట మీద ఆగింది. జోగారావు ఎక్కగానే, గదికి ఆనుకుని ఉన్న లిఫ్టు కదిలింది. ఒకసారి కదిలి పీడనం తగ్గడం మొదలయ్యాక, మళ్లీ కిందికి దించితే లోపలి మనిషి బతకడు. ఇక దాన్ని ఎవరూ వెనక్కి తిప్పలేరు.

ఫోను మోగింది. "ఏం చేశారు మీరు?"

"తెర కలిపాను సార్."

ఆమె ముద్ర రద్దు కావడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ లోపల మిగతా ఆరు గదులనూ కలిపింది. ముగ్గురు మీట నొక్కారు. ముగ్గురు భయపడి నొక్కలేదు.

పీడనం మెల్లగా తగ్గిస్తూ లిఫ్టులు ఒడ్డుకు చేరేసరికి నాలుగో రోజు మధ్యాహ్నమైంది. ఉద్యోగం పోయిన నూకరత్నం గేటు బయట నిలబడి చూస్తోంది. ముందు దిగినవాడు చెవికి గుడ్డ అదుముకుని, ఎండకు కళ్లు మూసుకుని, నేల మీద కూర్చుండిపోయాడు. అతని ముఖం ఆమె చూడటం అదే మొదటిసారి.

"లోపలికి పదండి, డాక్టరుగారున్నారు," అన్నాడు సదాశివం.

"లోపటికి రాను బాబూ," అన్నాడు జోగారావు. "ఆయన్నే ఇక్కడికి రమ్మనండి."