ఎర్రగుట్టపల్లె నేలముద్రలు

పెన్నా లోయలో బడి తెరిచిన రోజున ఒకటో తరగతి పిల్లలు వరుసగా నిలబడి నోరు తెరిచేవారు. జలమండలి ఉద్యోగి పెన్సిలంత యంత్రాన్ని ఒక్కొక్కరి ముందుపంటికి ఆనించేవాడు. ఆరు సెకన్లలో పచ్చదీపం వెలిగితే ఆ బిడ్డకు జలపత్రం దక్కినట్టే. బతికినంతకాలం సున్నపురాతి గుహల్లో నిల్వచేసిన నీటిలో వాటా, ఎక్కడుంటే అక్కడికి గొట్టం. ఎర్రదీపం వెలిగితే వారానికి రెండుసార్లు వచ్చే ట్యాంకరే గతి. 2084 నాటికి ఇది ఒళ్లు కాలుతోందేమోనని చెయ్యేసి చూసినంత మామూలు పని.

ఆ యంత్రం పేరు నేలముద్ర. దాన్ని తయారుచేసిన భూరసాయన శాస్త్రవేత్త చార్వికి అప్పుడు యాభై ఎనిమిదేళ్లు. స్ట్రాన్షియం అనే మూలకం కాల్షియానికి దాయాది లాంటిది. శరీరం ఆ రెండింటి మధ్య తేడా గుర్తించలేక స్ట్రాన్షియాన్ని కూడా పంటి ఎనామిల్‌లో కలిపేసుకుంటుంది. గ్రానైట్ నుంచి వచ్చే నీటిలో దాని బరువైన ఐసోటోప్ ఎక్కువ, సున్నపురాతి నీటిలో తక్కువ. పాలపన్ను తల్లికడుపులోనే కట్టడం మొదలవుతుంది కాబట్టి, తల్లి ఏ నేల నీళ్లు తాగిందో అందులో నమోదై ఉంటుంది. పురుగుమందులు కలిసిన భూగర్భజలం ఏ ఊళ్లకు చేరుతోందో పశువుల పళ్లను బట్టి కనుక్కోవడానికి చార్వి దాన్ని తయారుచేసింది. పడమటి గ్రానైట్ ఊళ్ల నుంచి తూర్పు గుహల ఊళ్లకు వలసలు పెరిగాక, గుహల నీటిని సున్నపురాతి నేలలో పుట్టినవాళ్లకే ఇవ్వాలని, ఎవరు ఏ నేలలో పుట్టారో తేల్చడానికి మండలి దాన్ని తీసుకుంది. అప్పుడామె అభ్యంతరం చెప్పలేదు. ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా ఉన్నచోట ఉండలేక లేచి నడిచేది.

ఆ జూన్‌లో, పడమటి గట్టుమీది ఎర్రగుట్టపల్లెలో ముప్పై నలుగురు పిల్లల్లో ముప్పై ఒక్కమందికి పచ్చదీపం వెలిగింది. ఊరు మొత్తం గ్రానైట్ మీద ఉంది. తల్లుల్లో ఎవరూ ఊరు దాటి కాన్పుకు వెళ్లలేదు. నెలలోగా కారణం చెప్పమని మండలి చార్విని పంపింది.

చార్వి తన సహాయ శాస్త్రవేత్త నూరుల్లాతో కలిసి ఆ ఊళ్లో దిగింది. దారిపొడవునా ఆమెకు ఒకటే ఆశ. ఆ గ్రానైట్ కింద ఎక్కడో బీటలుంటే, ఆ బీటల్లోంచి తూర్పు నీరు ఇక్కడికి పారుతూ ఉంటే, ఈ గట్టుమీది నలభై ఊళ్లకూ నీళ్లున్నట్టే. పదిహేను రోజులు ఆమె కాలు నిలవలేదు. ప్రతి బోరునీటినీ పరీక్షించింది. మూడుచోట్ల గుంటలు తవ్వించి మట్టి పొరలు చూసింది. రెండువందల మీటర్ల లోతు నుంచి రాతి కడ్డీలు తీయించింది. అన్నీ గ్రానైట్ ముద్రలే.

"మేడం, ఇది చూడండి," అన్నాడు నూరుల్లా ఒక మధ్యాహ్నం. పిల్లలకు కొత్తగా వచ్చిన దవడపళ్లను అతను పొరలుపొరలుగా చదివాడు. "పుట్టగానే కట్టిన పైకొన సున్నపురాయి. ఏడాది దాటాక కట్టిన కింది భాగం గ్రానైట్. అంటే తల్లి కడుపులో ఉన్నప్పుడు, పాలు తాగినంతకాలం మాత్రమే ఆ ముద్ర వచ్చింది."

"నీళ్లు కాదన్నమాట."

"నీళ్లయితే పాలు మానాక పిల్లలూ అవే తాగాలి కదా. తిండిలో ఏదైనా..."

చార్వి కుర్చీలోంచి లేచింది. స్ట్రాన్షియం అంత మోతాదులో రావాలంటే కాల్షియం పుష్కలంగా ఉన్న పదార్థమే కావాలి. ఆమె నేరుగా ఆ ఊరి ఆరోగ్య కార్యకర్త ఓబులేశ్వరి ఇంటికి వెళ్లింది. ఆ ఏడాది పచ్చదీపం వెలిగిన పిల్లల్లో ఓబులేశ్వరి కూతురు మైత్రి కూడా ఉంది.

"కడుపుతో ఉన్నప్పుడు మీరంతా సున్నం తిన్నారా?" అని అడిగింది.

ఓబులేశ్వరి చాటలో కందులు చెరుగుతోంది. చెయ్యి ఆపింది.

"తినలేదు మేడం. తాగినాం. తూర్పు బట్టీ నుంచి సున్నం తెప్పిచ్చి, చిటికెడు నీళ్లల్లో కలిపి, పైన తేరిన తేట దినామూ తాగినాం. బిడ్డకు పాలు మాన్పిచ్చేదాంక."

"ఎవరు చెప్పారు?"

"మీరే. ఏడేండ్ల కిందట రేడియోలో చెప్తిరి గదా, తల్లి ఒంట్లో యా రాతి సున్నముంటే బిడ్డ పంటికి ఆ ముద్రే పడతాదని. నేను ఇంటింటికీ తిరిగి చెప్పినా. ముగ్గురు మాత్రం భయపడి తాగలేదు. మా మైత్రి పుట్టకముందు నాకు ఒక కొడుకుండె మేడం. ట్యాంకరు నీళ్లు తాగి వాంతులు పట్టుకున్యాయి. మూడు దినాలు."

ఆమె మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

నూరుల్లాకు మాత్రం సందేహం లేదు. "సున్నపుతేటలో, గుహనీటిలో బేరియం పాళ్లు వేరు మేడం. అవి కూడా చూస్తే సున్నం తాగినవాళ్లెవరో తేలిపోతుంది. యంత్రానికి చిన్న మార్పు చాలు. నిజం రాయకపోతే మనం చేసే పనికి విలువేముంది?"

"రాస్తే పిల్లల పత్రాలు పోతాయి."

"మీరు రాయకపోయినా ఎప్పటికైనా ఎవరో ఒకరు కనుక్కుంటారు."

మూడు రోజులు ఆమె నివేదిక రాస్తూ, కొట్టేస్తూ గడిపింది. చివరికి నాలుగే వాక్యాలు పంపింది. యంత్రంలో లోపం లేదు. పళ్లలో ఉన్నది సున్నపురాతి ముద్రే. నేల పొరల పరిశీలన ఇంకా పూర్తికాలేదు. యంత్రం ప్రకారం పత్రాలు ఆపడానికి కారణం లేదు. ప్రతి వాక్యమూ నిజమే. నూరుల్లా ఆ నివేదిక మీద సంతకం చేయలేదు. పై నెలలో వేరే ప్రయోగశాలకు మారిపోయాడు.

నవంబరులో ఎర్రగుట్టపల్లెకు గొట్టం వచ్చింది. కుళాయి కింద తడుస్తున్న పిల్లల ఫొటో ఒకటి చార్వికి చేరింది. దాన్ని చూసిన రోజున, చాలాకాలం తర్వాత, ఆమె కడుపునిండా తింది.

ఫిబ్రవరిలో ఓబులేశ్వరి బస్సెక్కి ప్రయోగశాలకు వచ్చింది. కొత్త చీర కట్టుకుంది, మనిషి కాస్త ఒళ్లు చేసింది. చార్వి ఆమెను ఎదురుగా కూర్చోబెట్టి మైత్రి గురించి అడిగింది. ఓబులేశ్వరి రెండు ముక్కల్లో జవాబు చెప్పి, సంచిలోంచి మడతపెట్టిన కాగితం తీసింది. అందులో ఇరవై ఆరు పేర్లున్నాయి.

"వీళ్లంతా గట్టు కింద ఊరోళ్లు మేడం. అందరూ కడుపుతో ఉండారు. మమ్మల్ని చూసి వాళ్లూ సున్నపుతేట తాగతాండారు. ఇట్లయితే ఆ నీళ్లు ఎంతమందికని సరిపోతాయి? ఇప్పటికే సాయంత్రమైతే మా కుళాయి సన్నగా వస్తాంది."

చార్వి కాగితం అందుకోలేదు. "నన్నేం చేయమంటారు?"

"కల్తీ ముద్ర కనిపెట్టే యంత్రం ఒకటి చేసేకి కాదా?"

"చేయొచ్చు ఓబులేశ్వరీ. నూరుల్లా దారి కూడా చెప్పాడు. కానీ దాన్ని తయారుచేస్తే మొదట ఎర్రదీపం వెలిగేది మీ ముప్పై ఒక్కమంది పిల్లలకే."

ఓబులేశ్వరి కుర్చీ ముందుకు జరుపుకుంది. కాగితాన్ని బల్లమీద పెట్టి, మడతలు పోయేదాకా అరచేత్తో సాపుచేసింది. తర్వాత, రేషన్ వరసలో సందేహం అడిగినంత మామూలుగా అడిగింది.

"మావోళ్లను ఇడిసిపెట్టి చూసేటట్ల చేసేకి కాదా మేడం?"