కార్డు లేని మాట

మధ్యాహ్నం మూడింటికి ఢిల్లీ నుంచి ఫోన్.

"ఏజెంట్ నలభై నాలుగు?"

"లైన్లో ఉన్నా."

"కోమలి నుంచి మూడు రోజులుగా మెసేజ్ లేదు. శత్రువుకు అమ్ముడుపోయింది. నాలుగింటికి రేణిగుంట గోడౌన్ నుంచి కంటెయినర్ కదులుతుంది. అందులో మన రాడార్ ప్లాన్లు. దాన్ని ఆపు. కోమలి కనిపిస్తే కాల్చెయ్."

జయచంద్ర చేతిలో రిసీవర్ బరువెక్కింది. ఆ పాకాల పిల్లను విదేశీ ముఠాలోకి గూఢచారిగా పంపింది అతనే.

తలకోన అడవిలో హెలికాప్టర్‌ను పంచెతో చెట్టుకు కట్టేసిన మొనగాడు జయచంద్ర. నమ్మకపోతే ఆ పంచె ఆఫీసు బీరువాలోనే ఉంది, వెళ్లి చూసుకోవచ్చు. తిరుపతిలో ఆ ఆఫీసుకు 'నిఘంటు కార్యాలయం' అని దొంగ బోర్డు. ఊరు నమ్మింది, సరే. ఇరవై ఏళ్లు దాని కింద కూర్చుని జయచంద్ర కూడా నమ్మేశాడు! నిజంగానే ఒక్కో మాటకు అర్థం, ప్రయోగంతో కార్డులు రాయించాడు. పైగా ఒక రూలు పెట్టాడు: సీక్రెట్ మెసేజ్‌లో కార్డు లేని మాట ఉంటే అది పిల్లకాయల చాటింగు. బుట్టలో వెయ్యాలి.

నిఘంటువు మొదటి సంపుటం తెరిచి, పేజీలు తొలిచిన గూట్లోంచి పిస్తోలు తీశాడు. కార్డులు సర్దే ఆనందమ్మ తలెత్తింది.

"యాడికి సార్, తుపాకీతో?"

"కోమలి ద్రోహం చేసిందంట. మూడు రోజులుగా కబురే లేదు."

"లేకేమి? రోజూ వస్తానే ఉండాది. మీరే కదా బుట్టలో ఎయ్యమనింది?"

ఆమె చెత్తబుట్ట ముందుకు తోసింది. మూడు చీటీలు. మూడింటిలోనూ ఒకటే: 'గార్డు ఏఎఫ్‌కే 3.40. నీలం డబ్బా. ఐఆర్‌ఎల్ రా. ఏఎస్ఏపీ.'

"ఇదేం భాష?"

"సీట్లో లేనోణ్ణి ఏఎఫ్‌కే అంటారు. ఐఆర్‌ఎల్ అంటే ఫోన్లో కాదు, మనిషే రావాల. ఏఎస్ఏపీ అంటే బిన్నా, ఆలస్యం లేకుండా రావాల. మా డ్వాక్రా గ్రూపులో అందరూ ఇట్నే రాస్తారు. ఆ పిల్ల ఫోను వాళ్లు సూస్తా ఉంటారు గదా, సావాసగత్తెకు పెట్టినట్టు పెట్టింది. వీటికి నేను కార్డులు రాసిస్తే, 'ఇవి మాటలా, ఎంగిలి మెతుకులా' అని సించినారే!"

చించాడు. నలుగురి ముందు, నాలుగు ముక్కలుగా. అందరూ నవ్వారు కూడా. ఇప్పుడు అతని చెవులు కాలిపోతున్నాయి.

తలకు తువ్వాలు చుట్టి, హమాలీ వేషంలో అతను రేణిగుంట చేరేసరికి మూడూ ముప్పై ఎనిమిది. సరిగ్గా మూడూ నలభైకి, కెమెరాలు చూసే గార్డు లేచి బోండాల బండి దగ్గరికి నడిచాడు. జయచంద్ర కంటెయినర్లో దూరాడు. మామిడి గుజ్జు డబ్బాలు. వందల కొద్దీ పసుపు రంగువి. వెతికి వెతికి మూలన ప్లాన్లు దాచిన ఒక్క నీలం డబ్బా అందుకునేసరికి నాలుగుకు నిమిషం తక్కువ.

"పెట్టు కింద!"

ముఠా నాయకుడు హ్యూగో. తెల్ల సూటు, చేతిలో రివాల్వర్. పక్కనే పట్టుచీర, నల్ల కళ్లద్దాలు: కోమలి.

జయచంద్ర పిస్తోలు తీశాడు. అలవాటైన చెయ్యి, ఆర్డరు ప్రకారం ఆమె వైపే తిరిగింది. కోమలి అది చూసింది. అతను చెయ్యి దించేశాడు.

హ్యూగో ట్రిగ్గర్ నొక్కాడు. అదే క్షణంలో కోమలి అతని మోచేతిని తన్నింది. తూటా పక్కనున్న పసుపు డబ్బాకు తగిలి, మామిడి గుజ్జు హ్యూగో మొహం నిండా చిమ్మింది. కళ్లు కనపడక జారిపడ్డవాడికి జయచంద్ర బేడీలు వేశాడు. ఇంజను స్టార్టయింది. కోమలి క్యాబిన్‌లోకి ఎగిరి తాళంచెవి లాగేసింది. గోడ గడియారం నాలుగు కొట్టింది.

కోమలి గాజులు వెనక్కి జారాయి. మణికట్టు మీద తాడు వాతలు.

"మొన్న అనుమానమొచ్చి ఒక రేత్రి కట్టేసి ఇడిచినారు. మూడు దినాలు మెసేజీలు పెడ్తానే ఉన్నా అన్నా. ఎందుకు రాలేదు?"

'నెట్‌వర్క్ లేదు' అనొచ్చు. ఏడు దేశాలను అబద్ధాలతో ఏమార్చినవాడికి ఆ చిన్న అబద్ధం నోట రాలేదు.

"ఆ మాటలకు కార్డు లేదని బుట్టలో ఏయించినానమ్మా."

ఆమె కళ్లద్దాలు తీసింది. "నన్ను కాల్చేదానికి మాత్రం కార్డు ఉండాదా?"



మర్నాడు జయచంద్ర తలెత్తకుండానే ఆనందమ్మకు ఒక కొత్త కార్డు ఇచ్చాడు. ఆమె పైకి చదివింది: "ఏఎఫ్‌కే: ఉండవలసిన చోట లేకుండుట. ప్రయోగం: కోమలి పిలిచిన మూడు రోజులూ జయచంద్ర ఏఎఫ్‌కే."

కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ప్రయోగం బాగా కుదిరింది సార్. సించేది లేదంటే కార్డుల పెట్టెలో పెడతా."