మిట్ట మీద ఎన్కకు గుంజే ముసల్ది

సెంటినరీ కాలనీ దాటి మంథని దిక్కు పోతుంటే, ఓపెన్‌కాస్టు బొగ్గు గని మట్టికుప్పల పక్కపొంటి తొవ్వ మీదికి ఎక్కుతది. ఆ మిట్టకు మంచి పేరు లేదు.

పొద్దుగూకినంక ఆడ బండ్లు ఆగుతయి. ఊకెనే ఆగవు... ఎవలో ఎన్కనుంచి పట్టుకొని గుంజినట్టు ఆగుతయి. మట్టికుప్పల కింద పోయిన ఊర్లె, ఇల్లు ఇడిచిపెట్టనని కూసున్న ముసల్దొకతి ఉండెనట. సచ్చిపోయిందట. ఇప్పుడు వచ్చే పోయే బండ్లను పట్టుకొని, నన్ను మా ఇంటికి తోల్కపోరి అని అడుగుతదట.

సెకండ్ షిఫ్టు దిగి వచ్చేటోళ్లు ఆడికి రాంగనే హారన్ మీదికెల్లి చెయ్యి తియ్యరు. ఒకాయనైతే స్కూటర్ ఆన్నే పడేసి కాలనీ దాక ఉరికిండు. తెల్లారి పోయి చూస్తే స్కూటర్ పడిలేదు — స్టాండేసి, తొవ్వకు పక్కకు పెట్టి ఉన్నది. ఆయనకు మూడొద్దులు జెరం.

ఈ ముచ్చట మాకు చెప్పింది వేణుమాధవ్. గని మీద ఎలక్ట్రీషియన్. దెయ్యాలు గియ్యాలు లేవని క్యాంటీన్ల బల్ల గుద్ది వాదించేటోడు. అసుంటోడు ఎట్ల నమ్మిండో చెప్పుకుంట, మనకంటె ముందు ఆయనే నవ్వుతడు.

తెలంగాణ ఇంకా రాని రోజులు. మంథనోళ్లు వామనరావు సార్ అని, గని ఆఫీసుల పెద్ద క్లర్కు. ఆయన తన డీజిల్ కారును వేణుమాధవ్‌కు అమ్మిండు. అమ్మిండన్న మాటేగని మనసు ఇంకా దాని మీదనే. ఎదురువడ్డప్పుడల్లా, అత్తగారింటికి పంపిన బిడ్డ బాగోగులు అడిగినట్టు కారు ముచ్చట అడుగుతుండె.

ఒకనాడు వేణుమాధవ్ ఛాతి ఇరిసి చెప్పిండు — కారుకు రీమ్యాప్ చేపిచ్చిన సార్ అని. హైదరాబాద్‌ల ఒక పిలగాడు స్టీరింగ్ కింద వైరు పెట్టి, ల్యాప్‌టాప్ తెరిచి, చాయ్ తాగేలోపు కారు కంప్యూటర్ల లెక్కలన్నీ మార్చిండు. నిద్రవోయే ఇంజన్ లేచి ఎగిరింది.

వామనరావు సార్ మొఖం చిన్నవోయింది. ఇంజన్‌కు బలం పెంచినవు సరే, ఆ బలాన్ని చక్రాల దాక మోసే క్లచ్చు, గేరుబాక్సు పాతయే గద, అవి ఎన్నొద్దులు ఓర్సుకుంటయి అని మెల్లగ అడిగిండు.

గేరుబాక్సులు రెండింతలు మోసేటట్టే చేస్తరు సార్, ఏం ఫికర్ చెయ్యకుండ్రి అని వేణుమాధవ్ ధైర్యం చెప్పిండు. గేరుబాక్సు లోపల ఏముంటదో అప్పటికి ఆయన కండ్లతోటి చూసిందే లేదు. ఆ ల్యాప్‌టాప్ పిలగాడు చెప్పిన మాటనే, కొంచెం గొంతు పెంచి చెప్పిండు. అంతే.

కొన్నొద్దులు రాజభోగం. బస్సులను దాటేసుడు, దాటేసినంక అద్దంల చూసుకొని మీసం దువ్వుడు.

ఆ తరువాత ఒకనాడు మసక చీకట్ల, మిట్ట ఎక్కుతుంటే... కారు బరువెక్కింది.

ఎక్సిలేటర్ తొక్కితే ఇంజన్ గర్జిస్తున్నది. మీటర్ల ముల్లు పైకి దుంకుతున్నది. కారు మాత్రం ముందుకు పోతలేదు. ఎన్క డిక్కీ పట్టుకొని ఎవలో గుంజుతున్నట్టే. దానికితోడు కాళ్ల కింద సన్నగ ఏడుపు — ఊఁ... ఊఁ... ఊఁ... ముసలిగొంతుతోటి.

కరెంటు పని చేసేటోడు. మోటర్లు, పంపులు విప్పి బిగిచ్చిన చెయ్యి. కారు దిగి బానెట్ లేపి చూడాలె. ఈయన ఏం చేసిండంటే — సీట్లనే కూసోని ఆంజనేయ దండకం అందుకున్నడు.

ఎందుకంటె, దెయ్యమైతే అది ఆయన తప్పు కాదు. గేరుబాక్సైతే ఆయన తప్పు. వామనరావు సార్ మొఖం ఎట్ల చూసుడు? ఇంట్ల పెండ్లాం సంధ్యారాణికి ఏం చెప్పుడు? అందుకని ఇన్నేండ్లు లేదన్న దెయ్యాన్ని ఆయన ఒక్క రాత్రిల ఒప్పుకున్నడు. తెల్లారి క్యాంటీన్ల అందరికంటె గట్టిగ చెప్పింది ఆయననే.

సంధ్యారాణి ఊకోలె. మంచిర్యాల పోయినప్పుడు బ్రిడ్జి మీద గూడ కారు గిట్లనే గుంజింది గద, ముసల్ది ఆడిదాక వచ్చిందా అని అడిగింది. ముసల్ది కార్లెనే ఎక్కి కూసున్నట్టుంది అన్నడు వేణుమాధవ్.

వానలు ఎనకవడ్డ నెలల, ఒక రాత్రి వేణుమాధవ్ తల్లి సారవ్వకు దమ్ము లేచింది. ఊపిరి లోపలికి పోతలేదు, పెదవులు నల్లవడుతున్నయి. ఆమెను చూసే డాక్టరు మంథనిల. సంధ్యారాణి 108కు ఫోన్ చేద్దామన్నది. అది వచ్చేలోపు నేను దవాఖానల చేర్పిచ్చి మళ్ల వస్త అన్నడు వేణుమాధవ్. అన్న మాట ఆయన నోట్లెనే ఇంకా ఉన్నది... కారు మిట్ట కాడికి వచ్చింది.

ఒక దిక్కు మట్టికుప్ప నల్లగ. ఇంకో దిక్కు మక్కచేను. గాలి లేదు, అయినా మక్కాకులు కదులుతున్నయి.

ఎన్క సీట్ల సారవ్వ తల సంధ్యారాణి ఒడిల ఉన్నది. ఆమె గొంతుల పిల్లిగూత. కారు కింద ఏడుపు. ఏది ఎక్కడికెల్లి వస్తున్నదో ఆయనకు తెలుస్తలేదు.

కారు మెల్లగయింది... ఇంకా మెల్లగయింది... ఆగింది.

వేణుమాధవ్ ఎక్సిలేటర్‌ను నేలకు తొక్కిండు. ఇంజన్ బొబ్బలు పెట్టింది. కాలిన వాసన. ఎర్రలైటు ఎలుగుల ఎన్కనుంచి తెల్లగ పొగ లేచింది. ఆ పొగల —

అద్దంల తెల్ల ఎంటికలు. డిక్కీ అద్దం మీద రెండు చేతులు.

వేణుమాధవ్ కాలు దానంతట అదే ఇంకా గట్టిగ తొక్కింది.

అప్పుడు సారవ్వ సగం కండ్లు తెరిచి, ఎన్క అద్దం దిక్కు చూసుకుంట, ఊపిరి అందకుండనే అన్నది.

“లింగవ్వా... వచ్చినవా?”

వేణుమాధవ్ పానం ఆన్నే పోయింది. తీస్కపోను వచ్చినోళ్లు సచ్చేటోళ్లకే కనవడతరని చిన్నప్పుడు ఇన్నడు. చేతులు రెండు జోడిచ్చిండు. కండ్లు మూసుకున్నడు.

“అవ్వా... మా అమ్మను ఇడిచిపెట్టు. కావాల్నంటె కారు తీస్కపో.”

కిటికీ కాడ దగ్గు వినిపిచ్చింది. మనిషి దగ్గు.

“కారు నాకెందుకు కొడుకా? ముందుగాల నువ్వు కాలు తియ్యి. పొగకు సస్తున్న.”

లింగవ్వ దెయ్యం కాదు. సారవ్వ తల్లిగారూరు, లింగవ్వ ఊరు ఒక్కటే, మట్టికుప్పల కింద పోయిన ఆ ఊరే. ఇద్దరివి పక్కపక్క ఇండ్లు. లింగవ్వ ఇప్పుడు కొత్త కాలనీల కొడుకు దగ్గర ఉంటది. మిట్ట పక్క మిగిలిన భూమి చెక్కల మక్క ఏసి, అడవిపందులు పడకుండ రాత్రిపూట గుడిసెల కావలి ఉంటది. బరువుతోటి ఎక్కలేక ఆగిన బండి కనవడితే వచ్చి ఎన్కనుంచి చెయ్యేస్తది. ఇంతమందికి తోసిన, నిలవడి ఒక్క మాట మాట్లాడినోడు లేడు, బండి సుత ఇడిచిపెట్టి ఉరుకుతరు అని ఆమె సంధ్యారాణికి చెప్పుకొని బాధవడ్డది.

ఇద్దరు ఆడోళ్లు కారు తోసిన్రు. మెల్లగ తొక్కు, మెల్లగ అని సంధ్యారాణి ఎన్కనుంచి చెప్పుతనే ఉన్నది. కాలు తేలిక చేస్తే కారు నత్తలెక్క కదిలింది, గడ్డకెక్కింది. అవతల దిగుడే. సంధ్యారాణి ఎక్కింది, లింగవ్వ దగ్గుకుంట చేన్లకు పోయింది.

తెల్లారేసరికి మంథని దవాఖానల సారవ్వ లేచి కూసోని చాయ్ అడిగింది. అంబులెన్సుకు ఫోన్ చేసి ఉంటె ఇంకా ముందే చేరుదుము అని వేణుమాధవ్ ఇప్పుడు తనే ఒప్పుకుంటడు.

గోదావరిఖనిల మెకానిక్ కారు విప్పిండు. క్లచ్ ప్లేటు బొగ్గయి ఉన్నది. పెంచిన బలానికి అది పట్టు దొరకక జారుతున్నది — ఎన్కకు గుంజింది అదే. గేరుబాక్సుల ఒక బేరింగ్ అరిగింది — ఏడ్చింది అది. క్లచ్చు ముందుగాల పోబట్టి గేర్ల పండ్లు బతికినయని తేలింది. వేణుమాధవేమో ఆ పాటికే ఇంకా గట్టి క్లచ్చు ఏపిద్దామని ఆలోచన చేస్తుండె. ఏపిస్తే ఆ దెబ్బంతా గేర్ల మీదికే పోతుండె. అందరి కార్లు గిట్లనే అయితయని లేదట. ఈయన తొక్కుడు గూడ కలిసింది.

వామనరావు సార్ వచ్చి, విప్పిన గేరుబాక్సును దవాఖానల రోగిని చూసినట్టు చూసి, ఒక్క మాట అనకుండ ఎళ్లిపోయిండు. తిట్టినా బాగుండు అనిపిచ్చింది వేణుమాధవ్‌కు. పాత లెక్కలు మళ్ల ఎక్కిచ్చుకున్నడు. కారు మళ్ల నిద్రమొఖం వేసింది.

చలి మొదలైనంక ఒక రాత్రి, డ్యూటీ దిగి, లింగవ్వకు ఇద్దామని ఒక కొత్త తెల్ల దుప్పటి పట్టుకొని మిట్ట కాడికి పోయిండు. కారును మిట్ట కింద ఆపి నడిచిండు. చలి కొరుకుతుంటె దుప్పటి తనే కప్పుకున్నడు. గుడిసెల ఆమె లేదు. చేను అంచుకు నిలవడి చూస్తున్నడు...

కింది నుంచి ఒక మోటర్‌సైకిల్ మెల్లగ, కష్టంగ ఎక్కుతున్నది. ఎన్క రెండు బియ్యం బస్తాలు. పాపం, ఎక్కలేకపోతున్నడనుకొని, తోద్దామని వేణుమాధవ్ చెయ్యి లేపుకుంట చేన్లకెల్లి తొవ్వ మీదికి వచ్చిండు.

ఆ మనిషి కేక మంథనిల ఇనవడ్డా ఇనవడి ఉంటది.

తెల్లారి క్యాంటీన్ల కొత్త ముచ్చట. ముసల్దానికి ఇప్పుడు తోడు దొరికిందట. మొగదట. తెల్ల దుప్పటి కప్పుకొని, చెయ్యి ఊపుకుంట, ముందుకు ఇంత పొట్ట ఏసుకొని చేన్లకెల్లి వస్తదట.

వేణుమాధవ్ చాయ్ గిలాస అడుగు దిక్కే చూసుకుంట కూసున్నడు.

దుప్పటి ముచ్చట నిజమే. పొట్ట మాత్రం అంత లేదు అని ఇప్పటికీ అంటడు.