లెట్‌కు రెండో అర్థం

వీరప్ప చనిపోయిన నలభయ్యో రోజున అదే మాట మళ్లీ దొరికింది.

వీరప్పది ముదిగుబ్బ. గొర్రెల కాపరి. గాలిమరల కంపెనీ ముసుగులో కొండ మీద మకాం వేసిన విదేశీ ముఠా రాకపోకలను ఇంటెలిజెన్స్ ఏజెంట్ ఓబిలేష్‌కు చేరవేసేవాడు. ఒక రోజు ముఠా రేడియోలో ‘లెట్ ద షెపర్డ్’ అని వినిపించింది. కాపరిని వదిలేయమంటున్నారని ఓబిలేష్ అర్థం చేసుకుని, అతనికి పెట్టిన కాపలా తీసేశాడు. మర్నాడు పొద్దున్నే వీరప్పను లారీ గుద్దింది. ఊరంతా, ఆఫీసు కూడా, యాక్సిడెంటే అనుకుంది. ఓబిలేష్‌కు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సహించలేదు.

ఈసారి మెసేజ్: ‘లెట్ ద లెవెన్ ఫార్టీ.’

పదకొండూ నలభైకి అనంతపురం దాటే రైల్లో సైన్యానికి చెందిన రాడార్ యూనిట్ ఉంది.

“దాన్ని పోనిస్తున్నారు. వాళ్ల టార్గెట్ సాయంత్రం గుంతకల్ దాటే రైలు,” అన్నాడు చీఫ్ ఫోన్‌లో. “టీములన్నీ గుంతకల్‌కు పంపేశాను. నువ్వు సుష్మకు పాస్‌పోర్ట్ ఇచ్చేసి వచ్చెయ్.”

సుష్మ ముఠా రేడియో ఆపరేటర్. ఎమ్మే ఇంగ్లీషు. ఏడాదిగా రెండు వైపులా పనిచేస్తోంది. రాప్తాడు హైవే మీద ఒక డాబాలో, నల్లకళ్లద్దాలతో, ఎర్ర కారుకు ఆనుకుని నిలబడి ఉంది. వేరుశనగ బ్రోకర్ వేషంలో ఉన్న ఓబిలేష్ శాంపిల్ కాయల సంచి అందించాడు. కాయల అడుగున కొత్త పేరుతో పాస్‌పోర్ట్.

ఆమె తెరిచి చదివింది. “వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్. అడ్డూ ఆటంకం లేకుండా పోనీమని రాసినారు. మంచిదే.”

“లెట్ అంటేనే పోనీమని కదా?”

“ఇప్పుడు. పాత ఇంగ్లీషులో అవి రెండు మాటలు. ఒకటి వదలడం. ఇంకోటి లేట్ అనే మాటకు చుట్టం. ఆలస్యం చెయ్యి, అడ్డుకో, ఆపెయ్యి. పోను పోను రెండింటి స్పెల్లింగూ ఒకటే అయిపాయె. రెండోది ఇట్లా పాస్‌పోర్టుల్లో, టెన్నిస్ ఆటలో మాత్రం మిగిలుండాది. మా బాస్‌కు ఇట్లాంటి ముసలి మాటలంటేనే ఇష్టం.”

“అయితే వీరప్ప...”

“ఆ మెసేజ్ పంపింది నేనే. మీకు తెలిసుంటుంది, ఆయప్పను దాచేసింటారు అనుకుంటి.” సుష్మ కళ్లద్దాలు తీసింది. “ఒక్క ఫోన్ చేసి చెప్పిండొచ్చు. భయపడి చెయ్యలేదు.”

టైము పదకొండూ ఇరవై రెండు.

బాంబు ఏ కల్వర్టు కింద పెట్టారో తెలిసిన సుష్మే కారు నడిపింది. ఓబిలేష్ చీఫ్‌కు ఫోన్ చేశాడు. టీములు తిరిగి రావడానికి గంట పడుతుందన్నాడాయన. రైలు కట్ట కింద కల్వర్టు దగ్గర, గ్యాంగ్‌మన్ చొక్కా తొడుక్కున్న ఒకడు రిమోట్ పట్టుకుని కూర్చున్నాడు. ఓబిలేష్ వాచీలో రిమోట్ సిగ్నల్‌ను ఆపేసే జామర్ ఉంది. ముప్పై మీటర్ల లోపలైతేనే పనిచేస్తుంది. అతను కారు ఆగకముందే దూకి, ముళ్లకంపల మీదుగా పరిగెత్తాడు. ఇంజన్ కల్వర్టు ఎక్కింది. ఓబిలేష్ వాచీ నొక్కాడు. ఓబిలేష్ వాచీ నొక్కాడు.

ఏమీ కాలేదు. వాడు మళ్లీ నొక్కాడు, మళ్లీ. ఆఖరి పెట్టె దాటిపోయేసరికి ఓబిలేష్ వాడి మీద కూర్చుని ఉన్నాడు. సాయంత్రానికి కొండ మీద ముఠా మొత్తం దొరికింది.

మర్నాడు అతను ఏ వేషమూ లేకుండా ముదిగుబ్బ వెళ్లాడు. వీరప్ప భార్య కదిరమ్మ గొర్రెలకు నీళ్లు పెడుతోంది. చెప్పకూడని సంగతంతా చెప్పేశాడు. ఆ మాట, దాని రెండో అర్థం, తను తీసేసిన కాపలా.

ఆమె కడవ దించింది.

“మాకు సదువు రాదప్పా. తెలీని మాటుంటే పక్కోళ్లను అడుగుతాం. అంత పెద్దాఫీసులో నీకు అడిగేదానికి ఒగరూ ల్యాకపోయిరా?”

ఓబిలేష్ ఆ ప్రశ్నను రిపోర్ట్ చివర ఉన్నదున్నట్టు రాసి పంపాడు. మూడో రోజు ఆ పేజీ మీద టాప్ సీక్రెట్ ముద్ర పడింది.