జల్లెడలో మిగిలినవి

మంగళవారం మధ్యాహ్నం రెండుంబావుకి లాబ్‌లో మట్టి పొట్లం ఒకటి మాయమైందని తేలింది.

ఉన్నది పిడికెడు మట్టే. కాని దాన్ని సముద్రం అడుగునుంచి తవ్వి తెచ్చిన ఓడని ఎప్పుడో తుక్కు కింద అమ్మేశారు. అలాంటి పిడికెడు మళ్లీ రాదు. అందులోని ఇసుకరేణువంత పెంకుల్ని చూసి, వేల ఏళ్ల కిందట ఆ సముద్రం వెచ్చగా ఉండేదో చల్లగా ఉండేదో చెబుతారు.

నేరం మట్టి కడిగే ఆవిడ మీద పడింది. పొద్దున పొట్లం ఇచ్చింది ఆవిడ చేతికే మరి. ఎప్పుడో చెత్తతో పాటు పారబోసి ఉంటుందన్నారు. గురువారం అయిదింటికి కమిటీ. ఉద్యోగం ఊడితే మంచం పట్టిన మొగుడికి మందులుండవు. ఆ సంగతి విచారణకొచ్చిన ఇన్‌స్పెక్టర్‌కి ఏడవకుండానే చెప్పింది. ఏడుపు అప్పటికే అయిపోయింది.

ఇన్‌స్పెక్టర్‌ని స్టేషన్‌లో నత్త అంటారు. గురువారం నాలుగయ్యేసరికి ఆ నత్తకీ కంగారు పుట్టింది. చేతిలో చిన్న ఆధారం కూడా లేదు.

తాళంచెవులు ముగ్గురి దగ్గరే ఉన్నాయి. కడిగే ఆవిడ, రీసెర్చ్ చేసే అమ్మాయి, డైరెక్టర్. మంగళవారం ఒంటిగంటా అయిదుకి ఆడవాళ్లిద్దరూ తాళం వేసి క్యాంటీన్‌కి వెళ్లారు. ఒకటీ యాభైకి కలిసే తిరిగొచ్చారు. పొట్లం ఎప్పుడు పోయిందో మాత్రం ఎవరికీ తెలీదు.

ఏమీ తోచక, మంగళవారం లంచ్ తరవాత కడిగిన మట్టి పెట్టి ఉన్న మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు.

"ఈ నీలం రంగువేంటమ్మా?"

"చెత్త సార్," అంది అమ్మాయి. "ప్రతి మట్టీ కడిగేముందు అక్క జల్లెడని నీలం మందులో ముంచుతుంది. ముందరి మట్టివి ఏవైనా ఇరుక్కుని ఉంటే రంగెక్కుతాయి. అవి లెక్కలోకి రావు. ఏరి పక్కన పెడతాం."

"మళ్లీ చూడరా?"

"చెత్తనెవరు చూస్తారు సార్?"

"ఇప్పుడు చూడు."

చూసింది. ఫోకస్ సరిచేసి మళ్లీ చూసింది. పెంకుల చుట్లు ఎడమకి తిరిగి ఉన్నాయి. అవి చలి సముద్రంలో బతికేవి. మంగళవారం పొద్దున అక్క కడిగినవన్నీ వెచ్చటి నీటివి, కుడి చుట్టువి.

నాలుగూ నలభైకి ముగ్గురినీ కూర్చోబెట్టాడు.

"ఈ నీలంవి మంగళవారం లంచ్ తరవాత కడిగిన మట్టిలో దొరికాయి. అంటే లంచ్ టైమ్‌లో ఆ జల్లెడ మీద ఎవరో ఆ పొట్లం కడిగారు. వీళ్లిద్దరూ క్యాంటీన్‌లో ఉన్నారు. పారెయ్యాలనుకున్నవాడు సింక్‌లో పారేసి పోతాడు. కడిగాడంటే లోపలేముందో చూడాలని. ఆ పొట్లంలోని మట్టి కాలంలో సముద్రం వెచ్చగా ఉండేదని మీ పుస్తకంలో రాశారు కదా, డైరెక్టర్ గారూ?"

డైరెక్టర్ జేబులోంచి చిన్న సీసా తీసి బల్ల మీద పెట్టాడు. అడుగున ఇసుకరేణువంత పెంకులున్నాయి.

"నాలుగుసార్లు చూశాను. ఒక్కటైనా కుడికి తిరగలేదు. ముప్ఫై ఏళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయింది."

ఆవిడ నెమ్మదిగా అడిగింది. "మధ్యలో నన్నెందుకు ఇరికించారు సార్?"

"నువ్వు పోగొట్టావంటే పొరపాటంటారు. నేను తీశానంటే దొంగతనమంటారు."

"పందొమ్మిదేళ్లలో నేను ఒక్క పొరపాటైనా చేశానా సార్?"

"లేదు," అన్నాడు డైరెక్టర్. "అయినా అందరూ ఇట్టే నమ్మేశారు."

ఆవిడ పక్కకి తిరిగి రీసెర్చ్ అమ్మాయి వైపు చూసింది. అక్కా అక్కా అని తిరిగే ఆ పిల్ల తలెత్తలేదు. రెండు రోజులుగా తనూ నమ్మింది.