మొదటి పేజీలోనే దొరికిపోయింది

"బియాన్‌ను చంపడానికి ఇప్పటికే రెండుసార్లు వచ్చారు. మూడోసారి తప్పదు," అన్నాడు చీఫ్ ఫోన్లో. "ఇవాళ మన ఏజెంట్ వస్తుంది. కోడ్ చెబితే ఆయన్ని అప్పగించు."

చైనాలోని హెఫెయ్ ఊళ్ళో ఓ కోచింగ్ సెంటర్లో ఏజెంట్ టాన్ షువో ఇంగ్లీషు మాస్టారి వేషంలో ఉన్నాడు. వెనక గదిలో, తాళం వేసిన తలుపు అవతల రాడార్ ఇంజనీర్ బియాన్ దాక్కున్నాడు. టాన్‌కు భయంగా ఉంది.

క్లాసు మధ్యలో ఆమె వచ్చింది. బూడిదరంగు సూటు, ఖరీదైన సెంటు. టాన్ దగ్గరకు వంగి, "ఈసారి పీతలు ముందే వచ్చాయి," అంది. కోడ్ సరిగ్గానే ఉంది.

"నేను యూ మన్‌లీని. ఈ ఊళ్ళోనే పుట్టా, ఇక్కడే కాలేజీ ఎంట్రన్సు రాశా. తొందరగా కానివ్వండి మాస్టారూ."

"పాఠం మధ్యలో లేస్తే అనుమానం వస్తుంది. వెనక బెంచీలో కాసేపు కూర్చోండి."

టాన్ బోర్డుకేసి తిరిగాడు. "అబాండన్. పాత ఫ్రెంచి నుంచి వచ్చిన క్రియ. మొదట్లో ఒకరి చేతుల్లో పెట్టెయ్యడం అని అర్థం. ఇప్పుడు వదిలేసి పోవడం. మునిగే ఓడను వదిలేస్తాం, మొదలుపెట్టిన పనిని వదిలేస్తాం."

క్లాసు గొల్లున నవ్వింది.

"మళ్ళీ ఇదేనా మాస్టారూ? మా నాన్న కూడా ఇక్కడే ఆగిపోయాడు," అంది ముందు బెంచీ అమ్మాయి.

ఎంట్రన్సుకు చదివే ఇంగ్లీషు పదాల పుస్తకంలో మొట్టమొదటి మాట అది. ఏటేటా కొత్త పుస్తకం కొనడం, ఆ ఒక్క మాటా బట్టీపట్టి మూసెయ్యడం ఇక్కడి పిల్లలందరికీ ఉన్న జబ్బే.

మన్‌లీ మాత్రం నవ్వలేదు. "ఇందులో నవ్వడానికేముంది?" అంది.

టాన్ ఆమెకేసి తిరిగాడు. "మీరు ఆ పుస్తకం ఎక్కడిదాకా చదివారు?"

"చివరిదాకా. వరసగా."

పిల్లలందరూ వెనక్కి తిరిగి ఆమెను వింతగా చూశారు. ఈ ఊళ్ళో ఎంట్రన్సు రాసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. ఈమె ఇక్కడ పుట్టలేదు, పెరగలేదు. మరి కోడ్ ఎలా తెలిసింది?

"తాళంచెవి తెస్తాను," అన్నాడు.

"అది మీ జేబులోనే ఉంది. ఇలా ఇవ్వండి." ఆమె లేచి వచ్చి లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల సన్నటి తుపాకీ గొట్టం ఉంది.

టాన్ బల్లమీది ఫ్లాస్కు ఎత్తి, మరిగే నీళ్ళు ఆమె చేతిమీద కుమ్మరించాడు. తూటా బోర్డులోకి దిగింది. ఆమె కింద పడగానే నలుగురు పిల్లలు మీదపడి పట్టుకున్నారు.

చీఫ్ వచ్చేసరికి బియాన్ ప్రాణాలతో ఉన్నాడు.

"నేను పంపింది ఈమెనే. మన ఆఫీసులోనే రెండేళ్ళు పనిచేసింది. శత్రువుల మనిషని ఒక్కరం కూడా కనిపెట్టలేకపోయాం," అన్నాడు చీఫ్. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంతకీ ఆ పుస్తకంలో రెండో మాట ఏమిటోయ్?"

టాన్ తల గోక్కున్నాడు. "ఎవరికి తెలుసు సార్."