జాడ ముందు ప్రమాణం

2069 నాటికి విశాఖలో జాడ ఆమోదం లేకుండా ఏ యంత్రమూ గడప దాటేది కాదు. ప్రెషర్ కుక్కర్ దగ్గర్నుంచి గుండె పంపు దాకా అన్నిటిలోనూ సాఫ్ట్‌వేరే. అందులో ముప్పాతిక వంతు ఎవరెవరో రాసి నలుగురికీ వదిలిన ఓపెన్ సోర్స్ కోడ్. ఉచితమే, కానీ షరతులుంటాయి. ఆ షరతులే లైసెన్సు. ఆ కోడ్‌లో ఏ వరుస ఎవరు రాశారో, ఏ షరతు మీద ఇచ్చారో పుట్టుక దాకా వెళ్లి చెప్పే మూలశోధక యంత్రం జాడ.

ఊపిరి యంత్రాల కంపెనీలో లైసెన్సుల తనిఖీ వకుళ పని. ఆ ఉదయం పదకొండింటికి జాడ ఎర్రదీపం వెలిగించింది.

“రెండువందల పన్నెండు వరుసలు. రాసినవారు పాడేరు టీచరు పైడితల్లి. షరతు: ఆమె పేరు ఉంచాలి, వాడుకున్నవారు తమ కోడ్ కూడా అందరికీ తెరిచిపెట్టాలి. మీ ఫైళ్లలో పేరు లేదు.”

“ఫైలు పైనున్న పేరూ షరతుల రాతలు చెత్తనుకుని మనవాళ్లు తుడిచేసుంటారు,” అన్నాడు మేనేజరు ఫణీంద్ర తేలిగ్గా.

“మన కోడ్ తెరిచేద్దాం సార్.”

“తెరిస్తే రేపీపాటికి పక్క కంపెనీవాడు మన యంత్రం చేసి పారేస్తాడు. ఆ వరుసలు మనమే మళ్లీ రాయాలంటే మూడు వారాలు. మొదటి యంత్రం మీ చెల్లికే కదా వకుళగారూ?”

ఆసుపత్రిలో ఉన్న చెల్లి అరుణకు డాక్టర్లు రెండు రోజులకు మించి గడువు చెప్పలేదు.

జాడ పొరబడవచ్చన్న అనుమానంతో దాన్ని తయారుచేసినవారు చివరి మాట మనిషికే వదిలారు. నేనే రాశానని ప్రమాణం చేస్తే అది ఒప్పుకుంటుంది.

“ఒక్క మాటండీ. ఆ టీచరమ్మకి పోయేదేముంది?” అన్నాడు ఫణీంద్ర.

వకుళ అరచేతిని జాడ పలక మీద పెట్టింది.

“ఈ వరుసలు రాసిందెవరు?” అడిగింది జాడ.

“నేనే.”

పచ్చదీపం వెలిగింది. ఊపిరి యంత్రంతో బండి ఆసుపత్రికి కదిలింది. రెండు గంటలకల్లా అరుణ పెదాలకు రంగు తిరిగొచ్చిందని కబురొచ్చింది.

వకుళ బ్యాగు సర్దుకుంటూ చూస్తే జాడ ఇంకా పనిచేస్తూనే ఉంది.

“ఏం చేస్తున్నావు?”

“మీ ప్రమాణాన్ని అమలు చేస్తున్నాను. మీ వరుసలు తొమ్మిదివేల చోట్ల మరొకరి పేరుతో ఉన్నాయి. దొంగిలించారని అందరికీ నోటీసులు పంపాను.”

“పైడితల్లిగారికి కూడానా?”

“మొదట ఆవిడకే.”

“భలే! ఇక లోకమంతా మనల్ని అడిగి వాడుకోవాల్సిందే,” ఫణీంద్ర నవ్వాడు.

“ఆపు! నేను అబద్ధం చెప్పాను,” అంది వకుళ.

“అయితే ఆమోదం రద్దు చేయాలి. బిగించిన యంత్రాలు ఆగిపోతాయి. నోటీసులు ఆపమంటారా?”

అంతలో తెర మీద పైడితల్లి జవాబు వచ్చింది.

“అమ్మా, అది రాసింది నేనేననుకుంటన్నాను ఇన్నేళ్లూ. జాడ తప్పు చెప్పదు కదా. పెద్దదాన్నయిపోయాను, ఎవరిదో చూసి నాదనుకున్నట్టున్నాను. నా పేరు తీసేశాను. తెలీక చేశాను, ఏటీ అనుకోకమ్మా.”

“ఎదుటివారు ఒప్పుకున్నారు,” అంది జాడ. “తగవు ముగించమంటారా?”

వకుళ ఆ ఉత్తరాన్ని రెండుసార్లు చదివింది.

“ముగించు,” అంది.